పర్లాకిమిడి దగ్గరి బాలికల బడి: అయిదేళ్ళు పిల్లను చదివించాక రాస్తున్న అభిప్రాయం

మా పెద్దమ్మాయి ఈ ఏడాది మెట్రిక్ పాసయింది. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా అయిదేళ్ళూ ఆమె చదివింది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడికి బస్సు దూరంలో, ఒక ధర్మ సంస్థ దాతల విరాళాలతో నడుపుతున్న బాలికల పాఠశాలలో. తమ ఆడపిల్లలను అక్కడ చేర్చవచ్చునా అని పాతపట్నం, మెళియాపుట్టి, కాశీనగరం వైపు నుంచి తెలిసినవాళ్ళు తరచు అడుగుతున్నారు గనుక, ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పే బదులు నాకు తెలిసినదంతా ఒకచోట రాస్తున్నాను. బడి పేరు రాయడం లేదు. ఇందులో మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నాయి, పైగా పిల్లలు కొద్దిమంది కాబట్టి ఎవరి సంగతి ఏదో ఇట్టే పోల్చుకుంటారు. నేను రైసు మిల్లులో జమాఖర్చులు రాసే గుమాస్తాను. చదువు చెప్పే విద్య గురించి నాకు తెలిసింది తక్కువే గాని, పద్దు సరిపోయిందా లేదా అని చూడడం నాకు అలవాటైన పని. ఈ బడిని కూడా ఆ కంటితోనే చూశాను.

అక్కడ నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఒక్కటే: తప్పు చేసిన పిల్ల ఆ తప్పును దాచుకోకుండా పైకి చెప్పేటట్టు అక్కడి ఉపాధ్యాయినులు చేయగలగడం. మిగిలినవన్నీ, మార్కులతో సహా, దాని వెనుక వచ్చినవే. వినడానికి ఇది చిన్న సంగతిలా ఉంటుంది. మన సరిహద్దు పిల్లలకు అది ఎంత అవసరమో చెప్పాలంటే భాష దగ్గర మొదలుపెట్టాలి.

మా ఇంట్లో మాట్లాడేది తెలుగు. వీధిలో తెలుగూ ఒడియా కలిసిపోయి ఉంటాయి. బడిలో నల్లబల్ల మీద ఒడియా ఒక్కటే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరిన నాటి నుంచీ ఇక్కడి తెలుగు కుటుంబాలు ఈ రెండు భాషల మధ్యనే పిల్లలను పెంచుకుంటూ వస్తున్నాయి. గిడుగు రామమూర్తి గారు దశాబ్దాల పాటు తాను పాఠాలు చెప్పిన ఈ ఊరిని విడిచి రాజమండ్రి వెళ్ళిపోయింది కూడా ఆ విలీనం నచ్చకనే. తెలుగువాళ్ళు ఆయనను వాడుక భాష కోసం తలుచుకుంటారు, ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటారు. మా ప్రాంతంలో మాత్రం ఆయన ఇక్కడి కొండలలో ఉండే సవర గిరిజనుల భాషను పట్టుబట్టి నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించడానికి చేతి డబ్బు ఖర్చుపెట్టిన మాస్టారు. ఈ బడి సంగతి రాస్తూ అంతటి మనిషి పేరెత్తడం అతిగా అనిపించవచ్చు. అయితే పిల్ల నోట ఉన్న భాషలోంచి పాఠం మొదలుపెట్టడమనేది నూరేళ్ళ కిందటే ఈ ఊళ్ళో ఒకరు చేసి చూపించగా, మా అమ్మాయి ఈ బడిలో చేరేదాకా నేను దానిని కళ్ళారా చూడలేదన్న మాట నిజం.

కరోనా మూలంగా మా అమ్మాయికి అయిదో తరగతి ఫోనులోనే గడిచిపోయింది. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, అది పగలంతా నాతో మిల్లులో ఉండేది. ఆరో తరగతిలో చేరేనాటికి ఒడియా కూడబలుక్కుని చదివేది, లెక్కల పుస్తకం తెరిస్తే బిక్కమొహం వేసేది. మొదటి పరీక్షలో లెక్కలలో నూటికి 23 వచ్చాయి. ఈ పిల్లకు లెక్కలు అబ్బవని నేను తీర్మానించేసుకున్నాను. ఆ వారంలోనే లెక్కల దీదీ నన్ను పిలిపించారు. ఒడిశా బడులలో ఉపాధ్యాయినిని పిల్లలూ పెద్దలూ దీదీ అనే అంటారు. ఆవిడ అమ్మాయి పేపరును బల్ల మీద పరిచి, అయిదు లెక్కల దగ్గర వేలు పెట్టి చూపించారు.

ఒడియా పాఠ్యపుస్తకాలలో అంకెలు కూడా ఒడియావే. ఒడియా నాలుగు మన కంటికి ఇంచుమించు ఎనిమిదిలా కనిపిస్తుంది. ఒకటిని చూస్తే తొమ్మిదేమో అనిపిస్తుంది. మా అమ్మాయి మూడు లెక్కలలో నాలుగును ఎనిమిదిగా చదువుకుని, ఆ ఎనిమిదితో చివరి దాకా తప్పు లేకుండా చేసింది. మిగిలిన రెండింటిలో చిక్కు మాట దగ్గర వచ్చింది. కూడికను ఒడియాలో మిశాణ అంటారు, తీసివేతను ఫేడాణ అంటారు, గుణకారం గుణన, భాగహారం హరణ. హరణమంటే మా పిల్లకు తెలిసింది సీతాహరణం ఒక్కటే. ఎత్తుకుపోవడమంటే తీసివేయడమే కదా అనుకుని, భాగించమన్న చోట తీసివేసింది.

"ఈ అయిదూ ఆమె సరిగ్గానే చేసింది అన్నయ్య గారూ, చేసినవి వేరే లెక్కలు, అంతే" అన్నారు దీదీ, వచ్చీరాని తెలుగులో. ఇన్నేళ్ళలో నా బిడ్డ చదువు గురించి ఒక పంతులు గాని పంతులమ్మ గాని అంత ఓపికగా చూసి చెప్పిన మాట నాకు అదే మొదటిది.

తరవాతి నెలలో తరగతి గోడకు ఒక పెద్ద అట్ట కట్టారు. దాని మీద మూడు వరుసలలో ఒడియా, తెలుగు, సవర మాటలు, రాసినవాళ్ళు పిల్లలే. ముందు కలిసే మాటలు రాయించారు: మన లవం, హారం ఒడియాలో లబ, హర. మనకు లాగే ఒడియాకు ళ, ణ ఉన్నాయి, హిందీ వాళ్ళలా పదం చివర అచ్చును మింగేయరు, కాబట్టి తెలుగు పిల్లకు ఒడియా చదవడం తాను భయపడినంత కష్టం కాదని ముందు నమ్మకం కలిగించి, కలవని మాటలను ఆ తరవాత ఒక్కొక్కటిగా తెచ్చారు. మా అమ్మాయి వాటిని ఇంటికి వచ్చి వాళ్ళ చెల్లెలికి అప్పజెప్పేది. మూడు నెలలలో ఒడియా అంకెల తడబాటు పోయింది. భాష తడబాటు ఏడో తరగతి సగం దాకా ఉంది.

ఈ బడిలో తల్లిదండ్రులు నెలకొకసారి వెనక బెంచీలో కూర్చుని పాఠం వినవచ్చు. మిల్లుకు సెలవు దొరకడం కష్టం కాబట్టి నేను అయిదేళ్ళలో నాలుగుసార్లు మాత్రమే కూర్చున్నాను. ఏడో తరగతిలో కూర్చున్న రోజు బాగా గుర్తుంది. 12ను 3/4తో భాగించమన్నది లెక్క. మా అమ్మాయి నల్లబల్ల మీద 9 అని రాసింది. దీదీ తప్పని చెప్పలేదు, 9 ఎలా వచ్చిందో చెప్పమన్నారు. పన్నెండును నాలుగు భాగాలు చేసి మూడు భాగాలు తీసుకున్నానని చెప్పింది. అదీ ఒక మంచి లెక్కే, ఉండనిద్దాం అని ఆ 9 చుట్టూ ఒక గీత గీసి, మీ ఇంట్లో పాలు కొలిచేటప్పుడు మూడు పావులను ఏమంటారని అడిగారు. ముప్పావు అంటామని అమ్మాయి చెప్పింది. దీదీకి ఆ మాట కొత్త. తన పుస్తకంలో దానిని ఒడియా అక్షరాలలో రాసుకుని, రెండుసార్లు పలికి, సరిగ్గా అన్నానా అని అమ్మాయినే అడిగారు. అప్పుడు, పన్నెండు లీటర్ల పాలున్నాయి, ముప్పావు లీటరు పట్టే సీసాలు ఎన్ని కావాలి అన్నారు. అమ్మాయి వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టింది: నాలుగు సీసాలకు మూడు లీటర్లు, ఎనిమిదికి ఆరు, పదహారుకు పన్నెండు. 16 అని రాసి, కాసేపు ఆ రెండు అంకెల వంకా మార్చి మార్చి చూసి, "దీదీ, అది పన్నెండు లీటర్లలో ముప్పావు వంతు ఎంత అన్న లెక్క, ఇది పన్నెండు లీటర్లలో ముప్పావులు ఎన్ని అన్న లెక్క" అంది. ఇరవై ఏళ్ళుగా బస్తాలూ క్వింటాళ్ళూ రాస్తున్న నాకు ఆ తేడాను అంత తేటగా చెప్పడం చేతకాదు.

తరగతిలో ఇంచుమించు మూడో వంతు సవర పిల్లలు. కొండ ఊళ్ళ నుంచి వచ్చి హాస్టలులో ఉండే ఆ పిల్లలకు తెలుగూ ఒడియా రెండూ పరాయివే. సవర భాషలో లెక్కింపు పన్నెండు మీదా ఇరవై మీదా నడుస్తుంది: పదమూడును పన్నెండూ ఒకటి అంటారు, ముప్పై రెండును ఇరవై పన్నెండు అంటారు. ఒక సవర అమ్మాయి 32ను 20, 12గా విడదీసి రాస్తే వెనకటి బడిలో కొట్టివేశారట. ఇక్కడి దీదీ ఆ అమ్మాయినే నల్లబల్ల దగ్గర నిలబెట్టి, తరగతికంతటికీ సవర లెక్కింపు నేర్పించమన్నారు. పన్నెండు దగ్గర ఆగడంలో సుఖమేమిటన్న ప్రశ్న వచ్చి, పన్నెండును రెండు, మూడు, నాలుగు, ఆరు నిశ్శేషంగా భాగిస్తాయి గనుకనే డజను లెక్క మనకూ వాడుకలో ఉందన్న మాట వచ్చి, పాఠం అలాగే కారణాంకాలలోకి వెళ్ళిందని మా అమ్మాయి చెప్పింది. ఆ రోజు అన్నం తింటూ మా చెల్లెలి వయసు నలభై రెండును రెండు ఇరవైలూ రెండు అని చెప్పి అందరినీ నవ్వించింది.

సాయంత్రం ఆఖరి గంటకు తప్పుల గంట అని పిల్లలే పేరు పెట్టుకున్నారు. ప్రతి పిల్లకూ ఒక తప్పుల పుస్తకం ఉంటుంది. కాగితాన్ని నిలువుగా మడిచి, ఎడమ పక్క తాను ఆ రోజు తప్పు చేసిన మెట్టును ఉన్నదున్నట్టు రాసుకోవాలి. కుడి పక్క అడుగు ఎక్కడ తప్పిందో తన మాటలలో, తనకు వచ్చిన భాషలో రాయాలి. దీదీలు దాని మీద ఎర్ర సిరా వాడరు, మార్కులు వేయరు, చదివి కింద ఒక వాక్యం రాస్తారు. ఆరు నుంచి ఎనిమిది తరగతులలో 35 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడన్నది 2009 నాటి విద్యా హక్కు చట్టం చెప్పిన లెక్క. ఇక్కడ మా అమ్మాయి తరగతిలో 31 మంది, ఆ ఆఖరి గంటకు మాత్రం ఇద్దరు దీదీలు కూర్చునేవారు. మొదట్లో నేను దీనిని ఎగతాళి చేశాను, మా మిల్లులో తప్పు పద్దు రాసినవాడికి పుస్తకం ఇవ్వరు, జీతంలో కోత వేస్తారు అని. ఇప్పుడు ఆ అయిదు పుస్తకాలూ బీరువాలో పెట్టుకున్నాను. ఆరో తరగతి పుస్తకంలో కుడి పక్కనంతా "తెలియలేదు, తెలియలేదు" అని తెలుగులోనే ఉంటుంది. ఎనిమిదిలో "గుర్తు మార్చడం మరిచాను, తొందర" అని ఒడియాలో ఉంటుంది. పదో తరగతికి వచ్చేసరికి తప్పు చేయకముందే "ఇక్కడ నేను జారతాను" అని పక్కన రాసుకున్న పేజీలు కనిపిస్తాయి. పిల్లలను కొట్టడం, మాటలతో హింసించడం కూడదని అదే చట్టంలోని 17వ సెక్షను చెబుతుంది. ఈ బడిలో బెత్తం లేదు, అంతకన్నా ముఖ్యంగా "మొద్దు" అన్న మాట లేదు. ఆ మాట ఎన్నోసార్లు అన్నవాణ్ణి నేనే.

చదువు మాన్పించకుండా చూడడం వీళ్ళు చేసే మరో పెద్ద పని. మా మిల్లు కళాసీ ఒకతని కూతురు మా అమ్మాయి తరగతే. తొమ్మిదో తరగతిలో ఉండగా ఆ పిల్లకు సంబంధం చూడడం మొదలుపెట్టారు. పద్దెనిమిదేళ్ళు నిండకుండా పెళ్ళి చేయడం 2006 నాటి చట్టం ప్రకారం శిక్షార్హమని చెప్పి భయపెట్టడం తేలిక. ప్రధానోపాధ్యాయిని, తరగతి దీదీ కలిసి వాళ్ళింటికి వెళ్ళి ముందు ఆ పని చేయలేదు. నాయనమ్మ పింఛను డబ్బు పడే బ్యాంకు పాసుపుస్తకం తెప్పించి, పిల్ల చేత దానిని మొదటి నుంచి చివరి దాకా చదివించారు. ఏ నెల ఎంత పడిందో, ఎవరు ఎంత తీశారో ఆ ముసలామె వినడం అదే మొదటిసారి. "గుంట సదివితే ఇన్ని తెలుస్తాయేటి" అని ఆమె అందని, పెళ్ళి మాట ఆ పూటకు ఆగిందని కళాసీ నాకు చెప్పాడు. తరవాత రెండుసార్లు ఆ మాట లేచింది, రెండుసార్లూ దీదీలు వెళ్ళారు. ఆ పిల్ల కూడా ఈ ఏడాది మెట్రిక్ రాసింది. ఇంకొక చిన్న ఏర్పాటు చెప్పాలి: నెలసరి రోజులలో పిల్లలు బడి మానకుండా ప్యాడ్లు ఉంచే బీరువా తాళం దీదీల దగ్గర కాకుండా పదో తరగతి పిల్లల దగ్గర ఉంటుంది. అడగడానికి సిగ్గుపడవలసిన పని లేదు. ఇది నాకు మా ఆవిడ చెప్పింది, అమ్మాయి నాతో చెప్పదు కదా.

ఫలితాల మాటకు వస్తే, ఒడిశా మెట్రిక్‌లో ఆరు సబ్జెక్టులకు కలిపి 600 మార్కులు. మా అమ్మాయికి 412 వచ్చాయి, అందులో లెక్కలకు 71. ఊళ్ళో కార్పొరేటు బడుల ఫ్లెక్సీలు చూసినవాళ్ళకు ఇది పెద్ద అంకె కాదు. 23 దగ్గర మొదలుపెట్టినవాళ్ళకు పెద్దదే. తరగతిలో ఇద్దరు తప్పారు. ఆ సంగతిని సంస్థ వాళ్ళు తల్లిదండ్రుల సమావేశంలో దాచకుండా చెప్పారు, సప్లిమెంటరీ పరీక్ష దాకా ఆ ఇద్దరినీ హాస్టలులోనే ఉంచుకుని చదివిస్తున్నారు.

ఇక డబ్బు. ట్యూషన్ ఫీజు లేదు. పుస్తకాలు, ఏడాదికి రెండు జతల బట్టలు ఇస్తారు. హాస్టలు పిల్లలకు భోజనం కింద నెలకు 700 రూపాయలు, కట్టలేనివాళ్ళకు మాఫీ. మా అమ్మాయి రోజూ వచ్చిపోయేది కాబట్టి మధ్యాహ్న భోజనానికి నెలకు 200 కట్టేవాణ్ణి. ప్రభుత్వం ఇచ్చే మధ్యాహ్న భోజన పథకం ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకే కాబట్టి ఇలాంటి బడి బియ్యం గింజ దగ్గర నుంచి కొనుక్కోవాలి. అన్నం, కూరగాయలు వేసి వండిన పప్పు (దాల్మా అంటారు), వారానికి రెండు గుడ్లు. వేసవిలో పఖాళ, అంటే మన చద్దన్నమే. రుచికి వంక పెట్టను. ఆడిటు అయిన లెక్కలను ప్రతి ఏడూ ఆఫీసు గోడకు అంటిస్తారు, అంటించినది నిలబడి పూర్తిగా చదివే తండ్రిని నేనొక్కణ్ణే కాబోలు. జీతాల పద్దు అన్నిటికన్నా పెద్దదిగా ఉంటుంది, దాని తరవాత వంట సామాను. ప్రచారానికి పోయేది కొద్దిపాటే. ఒకసారి నేనూ 1,000 రూపాయలు ఇచ్చాను, ఆదాయపు పన్ను మినహాయింపుకు పనికొచ్చే 80జీ నంబరుతో రసీదు వారంలో ఇంటికి వచ్చింది. ఇవ్వదలచినవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: 2,000 రూపాయలు దాటిన విరాళాన్ని నగదుగా ఇస్తే పన్ను మినహాయింపు రాదు, చెక్కు గాని ఆన్‌లైను గాని మేలు.

చేర్చే ముందు ఎవరూ చెప్పని లెక్క ఒకటుంది. ఎనిమిదో తరగతిలో పరీక్ష రాసి నెగ్గితే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 రూపాయలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ఉపకార వేతనం, ఏడాది ఆదాయం మూడున్నర లక్షలు మించని కుటుంబాలకు ఉద్దేశించినది, ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల పిల్లలకు మాత్రమే. ఎయిడు లేని ఈ బడి పిల్లలకు, ఎంత బీదవాళ్ళయినా, అది రాదు. నాలుగేళ్ళకు 48,000 రూపాయలు. ప్రభుత్వ బడిలో ఉండి ఉంటే మా అమ్మాయి ఆ పరీక్ష నెగ్గేదా అన్నది వేరే మాట, కనీసం రాసే హక్కు ఉండేది. చేర్చేటప్పుడు ఆఫీసులో ఈ సంగతి వాళ్ళంతట వాళ్ళు చెప్పి ఉండవలసింది.

అసలు ఫిర్యాదు దాతల రాక గురించి. ఏడాదికి నాలుగైదుసార్లు పెద్ద దాతలు, కంపెనీల వాళ్ళు వస్తారు. చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ లాభాలలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి, ఆ డబ్బుతోనే ఈ బడి చాలావరకు నడుస్తోంది, కాబట్టి రావద్దని ఎవరూ అనలేరు. అయితే వాళ్ళు వచ్చే ముందు రెండు రోజులు పాటలూ నాట్యాలూ సాధన, వచ్చిన రోజు ఎండలో బారులు తీరడం, పూలదండలు, ఒకే మాటను పది మంది పిల్లల చేత చెప్పించడం. తప్పుల గంట ఆ రోజుల్లో ఉండదు. ఎనిమిదో తరగతిలో మా అమ్మాయి ఫోటోను మమ్మల్ని అడగకుండా విరాళాల కరపత్రం మీద వేశారు, కింద "నిరుపేద బాలికకు మీ చేయూత" అని రాశారు. ఆ కాగితం మా మిల్లు యజమాని బల్ల మీద కనిపించింది. నా జీతం తక్కువే, ఒప్పుకుంటాను, గాని పిల్ల ఆ కాగితాన్ని చూసి రెండు రోజులు బడికి వెళ్ళనంది. తన తప్పును తాను చెప్పుకోవడానికి భయపడనక్కరలేదని అన్నాళ్ళు నేర్పి, తన బీదతనాన్ని మాత్రం ఇంకొకరు చాటింపు వేస్తే ఊరుకోమనడం ఏ పద్ధతి? నేను వెళ్ళి అడిగితే ప్రధానోపాధ్యాయిని, "పొరపాటు జరిగింది ఆజ్ఞా" అన్నారు (ఒడియాలో ఆజ్ఞా అంటే మన అండీ). సంస్థ ఆఫీసు వాళ్ళు మాత్రం దాతలు అలాంటివే అడుగుతారన్నారు.

రెండో లోపం దీదీలు నిలవకపోవడం. జీతాలు విరాళాల మీద ఆధారపడినవి కావడంతో, ప్రభుత్వ ఉద్యోగం వచ్చిన మరునాడే వెళ్ళిపోతారు, వాళ్ళను తప్పుపట్టలేం. మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా ఆ ముప్పావు దీదీ వెళ్ళిపోయారు. ఆరు వారాలు లెక్కలు చెప్పేవాళ్ళు లేరు. ఆ తరవాత వచ్చిన ఆవిడ మంచిదే, అయినా పిల్లలు ఆమె దగ్గర నోరు విప్పడానికి సంక్రాంతి దాటింది. సైన్సు ప్రయోగశాల అంటే ఒక బీరువా, ఒక బల్ల. పదో తరగతి దాకా మా అమ్మాయి సూక్ష్మదర్శినిలో చూసింది రెండుసార్లు. మహేంద్రతనయ పొంగిన రోజులలో బస్సు రాక బడి మూతపడడం వాళ్ళ తప్పు కాదు కాబట్టి లెక్కలోకి తీసుకోను.

తెలుగు సంగతి చెప్పకపోతే నాకే వెలితి. మెట్రిక్‌లో మొదటి భాషగా తెలుగు తీసుకునే వీలు బోర్డులో ఉన్నా, ఈ బడిలో నేర్పేవాళ్ళు లేరు. గోడ మీద తెలుగు మాటలకు చోటిచ్చిన బడి తెలుగు చదవడం, రాయడం మాత్రం నేర్పలేదు. ఎనిమిదో తరగతి దాకా మా అమ్మాయికి వాళ్ళ అమ్మమ్మ టెక్కలి నుంచి రాసిన ఉత్తరం చదవడం రాదు. సంస్థను అడిగితే గది ఇస్తాం, మనిషిని ఇవ్వలేమన్నారు. అప్పటి నుంచి ఆదివారం పొద్దున రెండు గంటలు నలుగురు తల్లిదండ్రులం వంతులు వేసుకుని తెలుగు చెబుతున్నాం. నా వంతు నెలకొకటి. పిల్లలు నా చేత కూడా తప్పుల పుస్తకం పెట్టించారు.

పదో తరగతితో ఇక్కడ చదువు ఆఖరు. ప్లస్ టూ చేరికకు సామ్స్ అనే ప్రభుత్వ ఆన్‌లైను పద్ధతిలో దరఖాస్తు పెట్టాలి. దీదీలు పిల్లలందరినీ కూర్చోబెట్టి, కాలేజీల వరుసను వాళ్ళ చేతనే ఎంచుకోనిచ్చి, ఫారాలు నింపించారు. నివాస ధ్రువపత్రం కోసం తహసీలు ఆఫీసుకు ఒకరు వెంట వచ్చారు. ఆంధ్ర వైపు నుంచి చేర్చదలచినవాళ్ళు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగు, వైద్యం వంటి కోర్సులలో 85 శాతం సీట్లు స్థానికులవి. అర్హత పరీక్ష నాటికి వరుసగా నాలుగేళ్ళు అక్కడ చదివి ఉండడం స్థానికతకు ముఖ్యమైన నిబంధన. ఒడిశా బడిలో పదో తరగతి దాకా చదివించి ఇంటరుకు పిల్లను శ్రీకాకుళం తీసుకుపోతే ఆ నాలుగేళ్ళు పూర్తికావు. కులాల జాబితాలు కూడా రాష్ట్రానికో తీరుగా ఉంటాయి, మీ కులం అటు ఏ జాబితాలో ఉందో, ఇటు ఏ జాబితాలో ఉందో ముందే చూసుకోండి. ఇంట్లో ఒకరు కూర్చుని చదివించగలిగి, పిల్ల ఇప్పటికే చురుగ్గా ఉంటే, ఈ బడి వల్ల ప్రత్యేకంగా కలిగే లాభం తక్కువే అని నా అభిప్రాయం. అలాంటివాళ్ళకు దగ్గరి ప్రభుత్వ బడి, ఆ ఉపకార వేతనపు పరీక్ష మేలు. ఎక్కడో ఒకచోట ఆగిపోయి, ఎక్కడ ఆగిపోయిందో చెప్పుకోలేక ఉన్న పిల్లకైతే నేను దీనినే చెబుతాను.

రెండో అమ్మాయిని ఈ ఏడాది అక్కడే ఆరో తరగతిలో చేర్చాను. దరఖాస్తు రెండో పేజీలో ఈసారి కొత్తగా ఒక గడి ఉంది: ప్రచారానికి పిల్ల ఫోటో వాడుకోవచ్చునా, అవును, వద్దు. నా గొడవ వల్ల వచ్చిందో మరెవరి వల్ల వచ్చిందో అడగలేదు. "వద్దు" దగ్గర టిక్కు పెట్టి సంతకం చేసి ఇచ్చాను. బడి గుమాస్తా దానిని చూసి ఏమీ అనకుండా ముద్ర వేశాడు.